రిబ్బను కట్టిన ఫైరింజను

కరాషిలిక్ అటవీ అగ్నిమాపక కేంద్రంలో ఉన్న ఒకే ఒక్క ఫైరింజను వయసు నలభై నాలుగేళ్లు. దాన్ని నడిపే ఎసెన్‌గెల్దికి యాభై నాలుగు. ఇద్దరిలో ఎవరి కీళ్లు ఎక్కువ కిర్రుమంటాయన్నది ఊళ్లో తేలని పందెం. అయితే ఎసెన్‌గెల్ది పొద్దున్నే లేచి తనంతట తాను నడవగలడు. బండికి ఆ భాగ్యం లేదు. అందుకే దాన్ని షెడ్డు ముందున్న ఇసుక దిబ్బ వాలు మీద, ముక్కు కిందికి ఉండేట్టు నిలిపేవారు. పొగ కనబడిందని కబురు రాగానే నలుగురు వెనక చేరి తోసేవారు. అది దిగువకు దొర్లుతూ నాలుగు దగ్గులు దగ్గి, మనసైతే లేచేది. మనసు కాకపోతే గుర్రాన్ని కట్టి మళ్లీ పైకి లాగి మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఈలోగా అడవిలో మంట తన పని తాను చేసుకుపోయేది. దాన్ని ఎవరూ తోయనక్కర్లేదు.

నీళ్ల ట్యాంకుకు పడిన చిల్లులు మూయడానికి రైన్‌హోల్డ్ అనే మెకానిక్ వాడని వస్తువు లేదు. సబ్బు, తారు, గొర్రె కొవ్వు, చివరికి తన పెళ్లాం రొట్టెల కోసం కలిపిపెట్టుకున్న పిండి. అయినా పైన్ అడవి అంచుకు చేరేసరికి మూడో వంతు నీళ్లు దారిలోనే పోయేవి. దారి పక్క ఇళ్లవాళ్లు మాత్రం దుమ్ము అణిగిందని మెచ్చుకునేవారు. మంటలార్పడంలో ఎలా ఉన్నా, వీధులు తడపడంలో ఆ బండికి జిల్లాలో పోటీ లేదు.

ప్రతి మార్చిలోనూ ఎసెన్‌గెల్ది రెండు కాగితాలు రాసేవాడు. మొదటిది అర్జీ: "బండి పనికిరాదు, దయచేసి కొత్తది ఇప్పించగలరు." రెండోది తనిఖీ పత్రం: "బండి స్థితి సంతృప్తికరం." రెండోది రాయకపోతే బండి నంబరు పలకలు ఊడదీసుకుపోతారు, కేంద్రం మూతపడుతుంది, అడవికి ఆ దగ్గు బండి కూడా దిక్కుండదు. అందుకని పళ్లు బిగబట్టి సంతకం పెట్టేవాడు. రెండు కాగితాలూ ఒకే కవరులో జిల్లా కార్యాలయానికి వెళ్లేవి. జవాబు ప్రతి ఏడూ ఒక్కటే. "తమరి తనిఖీ పత్రం ప్రకారం బండి స్థితి సంతృప్తికరంగా ఉన్నందున మార్పిడి కుదరదు."

ఇలా పదకొండేళ్లు గడిచాయి. ఒకసారి కడుపు మండి ఎసెన్‌గెల్ది స్వయంగా వెళ్లాడు. ఉపసంచాలకుడు దులత్ జెనిసొవిచ్ కుర్చీలో నుంచి లేచి చేయి కలిపి, టీ పోయించి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, ఎంత మర్యాదో అంత నునుపు.

"ఎసెకే," అని పేరును గౌరవంగా కుదించి పిలిచాడు. "మీరు పెద్దవారు. మీకు నేను చెప్పేంతవాణ్ణి కాను. ఈ రెండు సంతకాలూ మీవే కదా?"

"నావే."

"మరి వీటిలో అబద్ధం ఏదో మీరే చెప్పండి, దాన్ని చింపేద్దాం."

టీ బాగుందని చెప్పి ఎసెన్‌గెల్ది లేచి వచ్చేశాడు.

పన్నెండో మార్చిలో మాత్రం ఆయనకు మొండితనం వచ్చింది. తనిఖీ పత్రంలో ఉన్నదున్నట్టు రాశాడు. బ్రేకులు పట్టవు, ట్యాంకు కారుతుంది, ఎడమ తలుపు తీగతో కట్టి ఉంది, స్థితి సంతృప్తికరం కాదు.

కార్యాలయం ఇంత వేగంగా కదలగలదని ఎవరూ అనుకోలేదు. ఏప్రిల్ దాటేలోపు ఇద్దరు మనుషులు వచ్చి నంబరు పలకలు విప్పుకుని, బండిని కాగితాల మీద చంపేసి, రసీదు ఇచ్చి వెళ్లారు. చచ్చిన బండికి పెట్రోలు రాదు. కొత్త బండి ఎప్పుడొస్తుందంటే దానికి వేరే శాఖ ఉందన్నారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

"నిజం రాశావుగా, అనుభవించు" అన్నాడు రైన్‌హోల్డ్. అతని తాతను యుద్ధకాలంలో వోల్గా ఒడ్డు నుంచి రైలెక్కించి ఇక్కడ దింపారట. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఎవరికీ కార్యాలయాలంటే గొప్ప ఆశలు లేవు.

మే, జూన్ నెలలు పారలతో, వీపు మీద మోసే నీళ్ల డబ్బాలతో గడిచాయి. జూన్ చివర్లో నలభయ్యో బ్లాకులో పిడుగు పడి అంటుకుంటే, ఎసెన్‌గెల్దీ రైన్‌హోల్డూ మరో ముగ్గురూ గుర్రపు బండి మీద పీపాలు వేసుకుని వెళ్లారు. రెండెకరాల దగ్గర ఆగాల్సిన మంట పాతిక ఎకరాలు తినేసింది. రైన్‌హోల్డ్ కనుబొమలు కాలిపోయాయి. ఆ సాయంత్రం ఎసెన్‌గెల్ది ఇంటికి వచ్చి, బూట్లు విప్పకుండా అరుగు మీద చాలాసేపు కూర్చున్నాడు. తొంభై ఏళ్ల పైన్ చెట్లు. వాటిని నాటిన మనిషి కూతురు ఇంకా ఊళ్లో ఉంది, రోజూ పాలు తెచ్చి ఇస్తుంది. మర్నాడు ఆమె ముఖం చూడలేక ఆయన వెనక గుమ్మం నుంచి బయటికి వెళ్లాడు.

జూలై రెండో వారంలో కొత్త బండి వచ్చింది.

పిల్లలూ ముసలివాళ్లూ కుక్కలూ అందరూ చూడ్డానికి వెళ్లారు. మనిషి ఎత్తు టైర్లు ఆరు. అయిదు టన్నుల ట్యాంకు. ముందు బంపరు మీద, లోపల కూర్చునే తిప్పగల నీళ్ల ఫిరంగి. క్యాబిన్లో చల్లగాలి. ఎసెన్‌గెల్ది తలుపు మీద అరచెయ్యి పెట్టి ఊరికే నిలబడ్డాడు. పన్నెండేళ్లు రాసిన అర్జీలన్నీ ఒక్కసారి ఎర్ర రంగు పూసుకుని వచ్చినట్టనిపించింది.

"ఎసెకే, చెయ్యి తీయండి, మరకలు పడతాయి" అన్నాడు దులత్ జెనిసొవిచ్.

సంగతేమిటంటే, ప్రారంభోత్సవం కావాలి. ప్రాంతీయ రాజధాని నుంచి పెద్దాయన వచ్చి రిబ్బను కత్తిరించాలి. అందాకా బండిని ఎవరూ కదపకూడదు, ట్యాంకులో నీళ్లు పోయకూడదు, చక్రాలకు ఇసుక అంటకూడదు. సంస్కృతీ విభాగం నుంచి మార్జాన్ అనే ఆవిడ వచ్చి బండి నడుముకు అరచేయి వెడల్పు నీలం రిబ్బను చుట్టి, ముందు బంపరు మీద గుమ్మడికాయంత పువ్వు కట్టింది. పైన పరదా కప్పారు. కాపలాకు రైన్‌హోల్డ్‌ను కూర్చోబెట్టారు.

"ఎప్పుడు వస్తారండీ పెద్దాయన?" అని అడిగాడు ఎసెన్‌గెల్ది.

"పదిహేనో తారీకు."

పదిహేను ఇరవై రెండయింది. ఇరవై రెండు ఇరవై తొమ్మిదయింది. ఆకాశం మాత్రం వాయిదా వేయకుండా రోజూ నిప్పులు కురిసింది. నేల మీద రాలిన పైన్ సూదులు కాలి కింద గాజు పెంకుల్లా చిట్లేవి.

"అడవి అంటుకుంటే ఏం చేయమంటారు?" అని మళ్లీ అడిగితే, దులత్ జెనిసొవిచ్ నొచ్చుకున్నాడు.

"ఎసెకే, ఎప్పుడూ చెడే ఎందుకు ఆలోచిస్తారు? పన్నెండేళ్లు ఆగారు, పన్నెండు రోజులు ఆగలేరా?"

ఎట్టకేలకు ఆగస్టు అయిదున ముహూర్తం కుదిరింది. తెల్లవారేసరికి బండి మీది పరదా తీసేశారు, షెడ్డు ముందు తెల్లటి గుడారం లేచింది. నూనెలో బౌర్సాకు రొట్టెలు వేగే వాసన, తోలు సంచుల్లో గుర్రప్పాలు, రెండు తీగల దొంబ్రా శ్రుతి చేసుకుంటున్న ఇద్దరు వాద్యకారులు. అగ్నిమాపక సిబ్బంది అయిదుగురికీ కొత్త దుస్తులు, మెరిసే హెల్మెట్లు ఇచ్చారు. హెల్మెట్లు పట్టణం నుంచి అరువు తెచ్చినవి, సాయంత్రానికి తిరిగి ఇచ్చెయ్యాలి. మార్జాన్ మీటరు పొడవున్న అట్టముక్క తాళంచెవికి బంగారు రంగు వేయించి తెచ్చింది. అసలు తాళంచెవిని ఎర్ర మఖమల్ దిండు మీద పెట్టి, జారిపడకుండా దారంతో నాలుగు కుట్లు వేసింది.

పదకొండుకు ఎనిమిది నిమిషాలుండగా ఎసెన్‌గెల్ది నడుముకున్న వాకీటాకీ గరగరలాడింది. వాచ్ టవర్ మీద నుంచి జాదిరా. ఇరవై రెండేళ్లుగా ఆ టవరెక్కి అడవిని చూస్తున్న మనిషి. ఉత్తినే మాట్లాడదు.

"ఎసెకే, అరవై ఒకటో బ్లాకులో పొగ. బూడిదరంగు కాదు, పసుపు. నిన్న సాయంత్రం పిడుగు పడిన చోటే. గాలి నైరుతి నుంచి."

"ఎంత ఉంటుంది?"

"ఇప్పుడైతే మీ వాకిలంత. మీరు టీ తాగి వచ్చేసరికి మీ ఊరంత."

ఎసెన్‌గెల్ది వరుసలోంచి బయటికి వచ్చి దులత్ జెనిసొవిచ్ దగ్గరికి వెళ్లాడు.

"అరవై ఒకటి అంటుకుంది. తాళంచెవి ఇప్పించండి."

దులత్ జెనిసొవిచ్ ముందు నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేశాడు.

"పెద్దాయన ఇంకో నలభై నిమిషాల్లో ఇక్కడుంటారు."

"నలభై నిమిషాల్లో మంట చెట్ల తలలకెక్కుతుంది. నేల మంటను నేను ఆర్పగలను. తలమంటను ఆర్పేవాడు ఇంకా పుట్టలేదు."

"పారలు తీసుకుని మీ కుర్రాళ్లను పంపించండి. బండి లేకపోతే ఆయన దేన్ని ప్రారంభిస్తారు? నన్నా?"

"మిమ్మల్నే ప్రారంభించమనండి. మీరూ కొత్తగానే ఉన్నారు."

"ఎసెన్‌గెల్దీ!" ఉపసంచాలకుడి గొంతులో మర్యాద జారిపోయింది. "రిబ్బను మీద చెయ్యి పడిందో, నీ ఉద్యోగం ఊడుతుంది!"

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే ఇంకొకడు చుట్టకు నిప్పడిగాడట. ఎసెన్‌గెల్ది వెనక్కి తిరిగాడు. తిన్నగా మార్జాన్ దగ్గరికి నడిచాడు. ఆవిడ దిండును రొమ్ముకు హత్తుకుంది.

"అన్నా, వద్దు, నేను రాత్రంతా కూర్చుని కుట్టాను."

"బాగా కుట్టావమ్మా" అని ఆయన దిండు లాక్కుని, దారాన్ని పళ్లతో కొరికి, తాళంచెవి తీసుకున్నాడు. దారం గట్టిది. రెండు కుట్లు మఖమల్‌తో సహా ఊడి వచ్చాయి.

బండెక్కి కూర్చున్నాక గాని ఆయనకు అసలు చిక్కు గుర్తురాలేదు. ముందున్నవన్నీ మీటలు, లైట్లు, ఒక అద్దం పలక. శిక్షణ ప్రారంభోత్సవం తర్వాత ఇస్తామన్నారు. పుస్తకం ప్లాస్టిక్ సంచిలో సీలు వేసి ఉంది.

పక్క తలుపు తెరుచుకుని రైన్‌హోల్డ్ ఎక్కాడు. కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని ఒక మీట నొక్కాడు. ఇంజను దగ్గలేదు, తుమ్మలేదు. ఉన్నట్టుండి పక్కన సింహం గురక పెట్టినట్టు మొదలైంది.

"నీకెలా తెలుసు?"

"మూడు వారాలు కాపలా కాయమన్నారు. కళ్లు మూసుకుని కాయమనలేదుగా? సీలు కింద నుంచి విప్పి, మళ్లీ అతికించాను. పుస్తకం రెండుసార్లు చదివా. రెండోసారి చదివినప్పుడు కొంచెం బోరు కొట్టింది. పోనియ్, ముందు చెరువు దగ్గర ఆపు, నీళ్లు పీల్చుకోవాలి. ఎనిమిది నిమిషాలు పడుతుంది."

వెనక ముగ్గురూ అరువు హెల్మెట్లతోనే ఎక్కారు. బండి ముందుకు కదిలేసరికి నీలం రిబ్బను ఫట్‌మని తెగింది. వాద్యకారులు ఇదే సూచన అనుకుని వాయించడం మొదలుపెట్టారు.

చెరువులో ట్యాంకు నింపుకుని బయల్దేరాక, ఊరి చివర ఇసుకదారి మొదలైన చోట బండి పొట్టదాకా కూరుకుపోతుందని ఎసెన్‌గెల్ది భయపడ్డాడు. రైన్‌హోల్డ్ ఇంకేదో నొక్కాడు. టైర్లలో గాలి బుస్సున తగ్గింది. బండి ఒంటెలా పాదాలు వెడల్పు చేసుకుని ఇసుక మీద సాగిపోయింది. ఎసెన్‌గెల్ది కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ వల్ల అని తర్వాత చెప్పాడు కాని పొగ ఇంకా నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది.

మంట అప్పటికే రెండెకరాల నేల మీద పాకుతోంది. మోకాలి ఎత్తు, అక్కడక్కడ నడుమెత్తు. ఒక చోట చిన్న పైన్ మొక్కల గుంపు అంటుకుని, పక్కనున్న పెద్ద చెట్టు కింది కొమ్మలను అందుకోబోతోంది. ఎసెన్‌గెల్ది బండిని గాలికి అడ్డంగా మంట ముందుకు పోనిచ్చాడు. ఒళ్లంతా సెగ కొట్టింది. అద్దాలు వేడెక్కాయి. రైన్‌హోల్డ్ ఫిరంగిని తిప్పుతూ, పుస్తకంలో పేజీ గుర్తు చేసుకుంటున్నవాడిలా గొణుక్కుంటూ, పెద్ద చెట్టు మొదట్లో నీళ్లు కొట్టాడు. మిగతా ముగ్గురూ గొట్టం లాక్కుని పక్కవైపు నుంచి వచ్చారు.

పాత బండితో అయితే ఎసెన్‌గెల్దికి తెలిసిన విద్య ఒక్కటే. మంటను తిట్టడం. ఇవాళ తిట్టే తీరిక దొరకలేదు. ఇరవై నిమిషాల్లో మంట తల వంగింది. అప్పుడే ట్యాంకు అడుగంటింది.

"ఇంకో ట్యాంకు చాలు, కట్టేస్తాం" అన్నాడు రైన్‌హోల్డ్.

ముగ్గురినీ పారలతో అంచున కాపలా ఉంచి, ఇద్దరూ బండి తిప్పుకుని వచ్చారు. దగ్గర్లో నీళ్లున్న చోటు ఒక్కటే, షెడ్డు పక్క చెరువు. ఆ చెరువు గట్టు మీదే తెల్ల గుడారం. దాని ముందు ఆరు నల్ల కార్లు.

పెద్దాయన వచ్చేశాడు. వచ్చి, ప్రారంభించడానికి బండి లేకపోవడం చూసి ఏమిటని అడిగాడట. దులత్ జెనిసొవిచ్ రెప్పపాటు కూడా తడుముకోకుండా, "తమరి గౌరవార్థం ప్రదర్శన విన్యాసం ఏర్పాటు చేశామండీ, బండి అడవిలో ఉంది" అన్నాడట. అంతలోనే మసి పూసుకున్న బండి, బంపరు నుంచి కాలిన రిబ్బను తోకలా వేలాడుతుండగా, గర్జిస్తూ గుడారం పక్కనుంచి దూసుకుపోయి చెరువులో గొట్టం దించింది. అతిథులందరూ చప్పట్లు కొట్టారు.

"చాలా సహజంగా ఉంది" అన్నాడు పెద్దాయన. "ఆ పొగ కూడా మీరే ఏర్పాటు చేశారా?"

"చిన్న ప్రయత్నం" అన్నాడు దులత్ జెనిసొవిచ్.

తర్వాత ఉపసంచాలకుడు పరుగున బండి దగ్గరికి వచ్చి కిటికీలో తల పెట్టాడు. "ఎంతసేపు ఆగుతారు?"

"ఎనిమిది నిమిషాలు" అన్నాడు రైన్‌హోల్డ్.

"పన్నెండు చెయ్యి."

"అడవినడిగి చెప్తాను."

మార్జాన్ మిగిలిన రిబ్బను ముక్క తెచ్చి, వేడి బంపరుకు చేతులు కాలుతున్నా ముడి వేసింది. పెద్దాయన కాగితం తీశాడు. జిల్లా చరిత్రలో అంత పొట్టి ప్రసంగం అదొక్కటే. అభివృద్ధి గురించి మొదలుపెట్టి, సాంకేతికత మీదుగా భావితరాల దాకా వచ్చేసరికి ఏడు నిమిషాలయింది. కత్తెర చేతికిచ్చారు. రిబ్బను తెగింది. ఫోటోలు తీశారు. పెద్దాయన కిటికీ దగ్గరికి వచ్చి, ఎసెన్‌గెల్ది మసి చేతిని తన రెండు చేతులతో పట్టుకుని ఊపాడు.

"విన్యాసం అద్భుతం. నిజమే అనిపించేట్టు చేశారు."

ఎసెన్‌గెల్ది ఆ ముఖం వైపు చూశాడు. అలసిన మనిషి, నుదుట చెమట. చెడ్డవాడిలా ఏమీ లేడు.

"విన్యాసం కాదండీ. అరవై ఒకటి తగలబడుతోంది. నా మనుషులు ముగ్గురు అక్కడ పారలతో ఉన్నారు. చేతనైతే మట్టి దున్నే ట్రాక్టరు ఒకటి పంపించండి. ఆరేళ్లుగా అడుగుతున్నాను. చెయ్యి వదిలితే వెళ్తాను."

పెద్దాయన చెయ్యి వదిలాడు. దులత్ జెనిసొవిచ్ వైపు చూశాడు. దులత్ జెనిసొవిచ్ ఆకాశం వైపు చూశాడు. ఆ తర్వాతేం జరిగిందో ఎసెన్‌గెల్ది వినలేదు, బండి కదిలిపోయింది. కాని ఒక్క ఫోను చేస్తే ఎంత పని జరుగుతుందో ఆ రోజు తెలిసింది. ఆరేళ్లుగా రాని ట్రాక్టరు నలభై నిమిషాల్లో వచ్చింది. అది మంట చుట్టూ వెడల్పాటి చాలు తీసింది. సాయంత్రం అయిదింటికి చివరి మొద్దు మీద నీళ్లు పోశారు. మొత్తం పదెకరాలు పోయాయి. పెద్ద చెట్లలో ఒక్కటి కూడా పడలేదు.

అరువు హెల్మెట్లు రెండు కరిగిపోయాయి. అది వేరే కథ.

ఇక్కడితో అయిపోవాలి. కాని కార్యాలయం ఉండగా ఏదీ ఇక్కడితో అయిపోదు. ఆ సాయంత్రమే ప్రాంతీయ పత్రికలో ఫోటోతో సహా వార్త వచ్చింది. "కరాషిలిక్‌లో విజయవంతంగా అగ్నిమాపక విన్యాసం." అచ్చయింది కాబట్టి అది నిజం. వారం తిరిగేసరికి అటవీశాఖ నుంచి ముగ్గురు మనుషుల విచారణ సంఘం జిల్లా కార్యాలయానికి వచ్చింది. వాళ్లు అడిగింది న్యాయమైన ప్రశ్నే. విన్యాసమే అయితే, పదెకరాల అడవికి నిప్పు పెట్టిందెవరు?

దులత్ జెనిసొవిచ్ ఎసెన్‌గెల్దిని పక్క గదిలోకి పిలిచాడు. మళ్లీ టీ. మళ్లీ మర్యాద.

"ఎసెకే, చిన్న కాగితం. విన్యాసంలో డ్రైవరు అజాగ్రత్త వల్ల మంట అదుపు తప్పింది, డ్రైవరే ఆర్పేశాడు. అంతే. ఓ మందలింపు రాస్తారు, ఏడాదికి అదీ కొట్టేస్తారు. బండి మీకే ఉంటుంది, నా పూచీ. లేదంటే బండిని సాక్ష్యం కింద సీలు వేసి పట్టణానికి తీసుకుపోతారేమో. ఆగస్టు ఇంకా సగం కూడా కాలేదు."

ఎసెన్‌గెల్ది కలం చేతిలోకి తీసుకున్నాడు. అలవాటైన చెయ్యి. పదకొండు సార్లు ఇలాగే బండి కోసమే కదా అనుకుని సంతకం పెట్టింది. ఆ పదకొండు సంతకాల వల్ల ఎన్ని ఎకరాలు పోయాయో లెక్క ఎక్కడా లేదు, తనకు మాత్రం బ్లాకుల వారీగా గుర్తుంది. నలభయ్యో బ్లాకు గుర్తొచ్చింది. పాలు తెచ్చే ఆవిడ గుర్తొచ్చింది. కలం బల్ల మీద పెట్టేశాడు.

"దులత్ జెనిసొవిచ్, మీరు అప్పుడు అడిగారు, రెండిట్లో అబద్ధం ఏదని. అప్పుడు చెప్పలేకపోయాను. తనిఖీ పత్రాలే అబద్ధం. అన్నీ నావే. ఆ మాట కావాలంటే సంఘానికి రాసిస్తాను. ఇది మాత్రం రాయను."

"బండి పోతుంది ఎసెకే."

"పోతే పారలున్నాయి."

ఎసెన్‌గెల్ది లేచాడు. బయటికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అప్పుడే మెట్ల మీద జాదిరా కనబడింది, చంకలో టవర్ రిజిస్టరుతో. ఇరవై రెండేళ్లలో ఆమె కార్యాలయంలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. నేల మీద నడిచేటప్పుడు కొంచెం తూలినట్టు కనిపించేది.

"ఈయన నిన్న నన్నడిగాడు" అంది దులత్ జెనిసొవిచ్ గది వైపు గడ్డం చూపిస్తూ, "రిజిస్టరులో ఆ రోజు పేజీ మీద టీ ఒలకబొయ్యమని."

"నువ్వేమన్నావు?"

"'టవర్ మీదికి టీ ఎవరు మోసుకొస్తారయ్యా, నీ తాతా?' అన్నాను."

ఆమె తిన్నగా లోపలికి వెళ్లి సంఘం ముందు రిజిస్టరు తెరిచింది. ఆగస్టు నాలుగు, సాయంత్రం ఆరూ ఇరవై, అరవై ఒకటో బ్లాకులో పిడుగు, పొగ లేదు. ఆగస్టు అయిదు, పది యాభై రెండు, పసుపు పొగ, కేంద్రానికి తెలియజేశాను. పేజీలకు నంబర్లున్నాయి, దారంతో కుట్టి, సీలు వేసి ఉన్నాయి. ఆ సీలు కార్యాలయానిదే.

సంఘం రెండు రోజులు ఆలోచించింది. పత్రికలో వచ్చింది తప్పు కాకూడదు, రిజిస్టరులో ఉన్నదీ తప్పు కాకూడదు. చివరికి పెద్ద బుర్రలు కలిసి ఇలా తేల్చాయి. ఆ రోజు విన్యాసం జరిగిన మాట నిజం. అదే సమయంలో, అదే స్థలంలో, కాకతాళీయంగా ఒక సహజ అగ్నిప్రమాదం కూడా జరిగింది. విన్యాసంలో ఉన్న సిబ్బంది దారిలో ఉన్నందున దాన్ని కూడా ఆర్పివేశారు.

ఎసెన్‌గెల్దికి ఒకే రోజు రెండు కవర్లు వచ్చాయి. ఒకదాంట్లో ప్రశంసాపత్రం. రెండోదాంట్లో, వినియోగానికి విడుదల కాని వాహనాన్ని నడిపినందుకు మందలింపు. రైన్‌హోల్డ్‌కు సీలు విప్పినందుకు మందలింపు ఒక్కటే వచ్చింది. "మా వంశంలో ఇంత తేలిగ్గా బయటపడిన మొదటివాణ్ణి నేనే" అని అతను దానికి చట్రం కట్టించాడు. దులత్ జెనిసొవిచ్‌కు శిక్షగా పై ఊరికి బదిలీ అయింది. అక్కడ మూడు జిల్లాల అగ్నిమాపక బండ్ల మార్పిడి మొత్తం ఆయన చేతుల మీదుగా జరుగుతోందని, గది కూడా పెద్దదని విన్నారు. ఆయన స్థానంలో వచ్చిన అమ్మాయి మొదటి రోజే షెడ్డుకు వచ్చి, చల్లగాలి వచ్చే క్యాబిన్లో కూర్చుని, ఏ మీట ఏమిటో రైన్‌హోల్డ్ చేత రెండు గంటలు చెప్పించుకుంది. అది మంచి సూచనో కాదో ఎసెన్‌గెల్ది ఇంకా తేల్చుకోలేదు.

సెప్టెంబరు మధ్యలో గడ్డి మైదానం వైపు ఎవరో గొర్రెల కాపరి చుట్ట పడేసి అంటించాడు. జాదిరా పిలిచింది. బండి మొదటి నొక్కుకే లేచింది. పదకొండు నిమిషాల్లో వెళ్లారు, ఇరవై నిమిషాల్లో ఆర్పారు. ఎవరూ చూడ్డానికి రాలేదు. గొర్రెల కాపరి సిగ్గుతో తల వంచుకుని, సంచిలోంచి పుచ్చకాయ తీసి ఇచ్చాడు. ఎసెన్‌గెల్ది దాన్ని బండి మెట్టు మీద పెట్టి కత్తితో చీల్చాడు. అయిదుగురూ, కాపరీ నల్లటి గడ్డి మీద కూర్చుని, గింజలు ఉమ్ముకుంటూ తిన్నారు.

"ఈసారి దీన్ని ఏమని రాయాలి?" అన్నాడు రైన్‌హోల్డ్, గడ్డం తుడుచుకుంటూ.

"మంట అంటుకుంది, ఆర్పాం అని రాయి" అన్నాడు ఎసెన్‌గెల్ది. "ఇంకో ముక్క అందుకో. తియ్యగా ఉంది."